జలుబు మందులు – ప్రకటనల్లో నిజమెంత?

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

మాకిచ్చిన విషయం జలుబు. ఇదేం పెద్ద విషయమని కొందరు నవ్వుకోవచ్చు. కాని నజ్లా, జుకామ్ రాని ఇల్లు మన మొహల్లాలో ఒక్కటుంటే చూపించండి. దాని మందుకు డబ్బు పోని ఇల్లూ లేదు.

జలుబు తెచ్చే వైరసులు 200కు పైగా ఉన్నాయి. వాటిని చంపే మాత్ర ఇంతవరకు రాలేదు. రెండు మూడు రోజులు ముదిరి, వారం పది రోజుల్లో దానంతటదే పోవడం జలుబు స్వభావం. ప్రకటనదారుడి అదృష్టమంతా ఇక్కడే ఉంది. మనం మందు ఎప్పుడు కొంటాం? మొదటి రోజున కాదు. ముక్కు పూర్తిగా మూసుకుపోయి, రాత్రి నిద్ర లేక, మూడో రోజున కొంటాం. మర్నాటి నుంచి ఎలాగూ తగ్గవలసిందే తగ్గుతుంది. పేరు మాత్రం సీసాకు వస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ లెక్క బోర్డు మీద వేసి చూపిస్తే, "మరి మందు వేసుకోనివాడికీ అప్పుడే తగ్గింది కదా సార్?" అన్నాడొకడు. పెద్దవాళ్లం ఆ ప్రశ్న వేయం.

మందులన్నీ మోసమని మేము అనడం లేదు. పారాసిటమాల్ జ్వరం, ఒళ్లునొప్పులు తగ్గిస్తుంది. మెంథాల్ పీలిస్తే ముక్కు తెరుచుకున్నట్టు ఉంటుంది. కొలిచి చూస్తే గాలి దారి పెరగదు, చల్లదనం వల్ల అలా తోస్తుందంతే. ఇంట్లో కాచే జోషాందా గొంతుకు హాయి. హాయిని హాయి అని చెబితే తగవు లేదు. నయం చేస్తుందంటేనే పేచీ.

అమెరికాలో లిస్టరిన్ అనే పుక్కిలించే మందు జలుబుకు మంచిదని దశాబ్దాల పాటు ప్రకటనలు వేశారు. 1975లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అది నిజం కాదని తేల్చింది. జలుబును ఇది ఆపదు, తగ్గించదు అని కంపెనీయే తన ప్రకటనల్లో చెప్పాలని ఆదేశించింది. 1977లో అప్పీలు కోర్టు కూడా చాలావరకు సమర్థించింది. అంతకాలం అమ్ముకున్నాక!

మన దేశంలో మందుల తప్పుడు ప్రకటనలపై 1954లో చట్టం వచ్చింది. దాని మీద హమ్‌దర్ద్ దవాఖానా సుప్రీంకోర్టుకు వెళ్లింది. అలాంటి ప్రకటన వ్యాపారమే గాని వాక్ స్వాతంత్ర్యం కిందికి రాదని 1959 డిసెంబరులో తీర్పు వచ్చింది. సరుకు పట్టుకునే అధికారం మితిమీరిందని ఆ సెక్షన్‌ను మాత్రం కొట్టివేశారు. మనకు తెలిసిన పేరు కదా అని ఈ కేసు దాచనక్కరలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఫినైలెఫ్రిన్ అనే పదార్థం చాలా జలుబు మాత్రల్లో, సిరప్‌లలో ఉంటుంది. నోటి ద్వారా తీసుకుంటే అది ముక్కు దిబ్బడ తగ్గించదని 2023 సెప్టెంబరులో అమెరికా నిపుణుల సంఘం ఏకగ్రీవంగా చెప్పింది. అదే ఏడు డిసెంబరులో మన దేశపు ఔషధ నియంత్రణాధికారి, క్లోర్‌ఫెనిరమిన్‌తో కలిపిన ఆ మందు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడరాదని లేబుల్ మీద వేయమన్నారు. తల్లులారా, ఇది వినండి. ప్రకటన మన ఉర్దూలో, తెలుగులో పాడుతుంది. హెచ్చరిక చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. బిడ్డ ఎగశ్వాస తీస్తున్నా, పాలు తాగకపోయినా సిరప్‌తో కాలయాపన చేయక డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు మేము సొసైటీ ఆఫీసులో కూర్చుంటాం. ఇంట్లో ఉన్న సీసాలు, మాత్రల పట్టీలు తీసుకురండి. మీద ఏం రాసి ఉందో చదివి చెబుతాం. అట్టపెట్టె పారేయకుండా తెండి, అక్షరాలు దాని మీదే ఎక్కువ.