సైకిల్ దారి ఎక్కడ తెగిపోతోంది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. బడి జ్ఞాపకాలు నాకన్నా బాగా చెప్పగలిగినవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. నేను ముప్పయ్యేళ్లుగా రోడ్ల డిజైన్ పనిలో ఉన్నవాణ్ణి కనుక ఆ విషయమే మాట్లాడతాను. దానికి కారణం కూడా ఉంది. స్వర్ణోత్సవ నిధితో ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలకు సైకిళ్లు కొనిద్దామని మన సంఘం తీర్మానించింది. మంచి తీర్మానం. నా వంతు చందా కట్టాను. అయితే ఆ సైకిళ్లు ఏ రోడ్డెక్కుతాయన్నది కూడా ఈ పూటే మాట్లాడుకోవాలి.

ఆడపిల్ల చేతికి సైకిల్ ఇస్తే ఏమవుతుందో మన దేశంలోనే రుజువైంది. బీహార్ ప్రభుత్వం 2006లో హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. తర్వాత ఆర్థికవేత్తలు లెక్క తీస్తే, హైస్కూలులో చేరే ఆడపిల్లల సంఖ్య సుమారు మూడో వంతు పెరిగినట్టు తేలింది. బడికి దూరంగా ఉన్న ఊళ్లలోనే ఆ పెరుగుదల ఎక్కువ. చదువు ఆగిపోవడానికి తెలివితేటలు కాదు, నాలుగైదు కిలోమీటర్ల దూరం కారణమైన ఇళ్లు మన చుట్టూ కూడా ఉన్నాయి.

మన రోజుల్లో ఈ బడి సైకిల్ షెడ్డులో చోటు దొరికేది కాదు. అప్పుడు మన రోడ్డు మీద సైకిళ్లకంటూ ప్రత్యేకంగా దారేమీ లేదు. కడ్డీ సందులోంచి కాలు దూర్చి తొక్కే వయసులోనే రోడ్డెక్కేవాళ్లం. గంటకో బస్సు, ఎప్పుడో ఒక లారీ, మిగతావన్నీ ఎడ్లబండ్లు, రిక్షాలు. అందరి నడకా ఇంచుమించు ఒకటే. ఇప్పుడది నాలుగు వరుసల రోడ్డు. పిల్ల గంటకు 12 కిలోమీటర్ల వేగంతో పోతుంటే పక్కనుంచి లారీ 70తో పోతుంది. వేగం రెట్టింపైతే గుద్దినప్పటి శక్తి నాలుగింతలవుతుందని మన సైన్సు మాస్టారు బోర్డు మీద రాసి చూపించారు. ఆ పాఠం ఇప్పుడు మన గేటు ముందు ప్రతిరోజూ నడుస్తోంది.

'అయితే రోడ్డు పక్కన ఒక గీత గీయించి, సైకిల్ బొమ్మ వేయిస్తే సరిపోదా?' అని నిన్న ఒక మిత్రుడు అడిగాడు. సరిపోదు. నేనుంటున్న నగరంలో అలాంటి దారులు చాలా చూశాను. దారి మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మ. దాన్ని దాటితే తోపుడుబండి, ఆ పక్కనే ఆపిన కార్లు. బైకులు రాకుండా పాతిన స్తంభాల మధ్య సైకిలే పట్టదు. మురుగుకాలువ మీది ఇనుప జల్లెడ ఊచలు రోడ్డు పొడవునా ఉంటే సైకిల్ చక్రం సందులో దిగబడుతుంది. అదే జల్లెడను అడ్డంగా తిప్పి వేస్తే ఏ గొడవా లేదు, ఖర్చూ లేదు. ఇక ప్రతి సందు దగ్గరా ఆరంగుళాల గట్టు. ఎక్కాలి, దిగాలి. రెండు రోజులు చూసి సైకిలువాడు మళ్లీ రోడ్డు మీదికే వస్తాడు. అప్పుడు 'దారి వేసినా వాడరు' అని వాణ్ణే తిడతారు.

మనకు ప్రమాణాలు లేక ఇలా జరగడం లేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే సైకిల్ దారుల మీద పుస్తకం వేసింది. సైకిల్ హ్యాండిల్ వెడల్పు సుమారు అర మీటరు. తొక్కేటప్పుడు అటూ ఇటూ ఊగడానికి కొంత కలిపి, ఒక వరుసకు మీటరు చొప్పున కనీసం రెండు మీటర్ల దారి ఉండాలన్నారు. ఒకరినొకరు దాటాలంటే మూడు మీటర్లు. గంటకు 200 మోటారు వాహనాలు దాటే రోడ్డు మీద గంటకు 100 సైకిళ్లు ఉన్నా సరే, విడిగా దారి వేయాలన్నారు. మన గేటు ముందు పది నిమిషాలు నిలబడితే ఆ 200 ఏపాటి లెక్కో తెలుస్తుంది.

వెడల్పు ఒక్కటే ఉన్నా చాలదు. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో ప్రారంభించిన సైకిల్ ట్రాక్ 23 కిలోమీటర్లు. వెడల్పు నాలుగున్నర మీటర్లు, పైన సౌర ఫలకాల నీడ. వ్యాయామానికి తొక్కేవాళ్లకు చక్కని ఏర్పాటు. కానీ బడికి పోయే పిల్ల, తెల్లారి డ్యూటీకి పోయే వాచ్‌మన్, పాలు పోసే మనిషి తిరిగేది బస్తీ నుంచి బజారుకు, ఇంటి నుంచి బడికి. వాళ్ల గుమ్మం ముందు మొదలై వాళ్ల పని దగ్గర ఆగే దారి వేరే ఉండాలి.

నెదర్లాండ్స్ పేరు చెబితే 'వాళ్ల సంగతి వేరు' అంటారు. 1971లో కోటీ ముప్పై లక్షల జనాభా ఉన్న ఆ దేశంలో ఒక్క ఏడాదిలో మూడువేల మందికి పైగా రోడ్ల మీద చనిపోయారు. వాళ్లలో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు 'పిల్లల్ని చంపడం ఆపండి' అంటూ వీధుల్లోకి వచ్చారు. 1973లో చమురు సంక్షోభం కూడా తోడైంది. అప్పటి నుంచి రోడ్లు మార్చుకుంటూ వచ్చారు. అక్కడి ఇంజనీర్లు సైకిల్ దారిని ఐదు ప్రశ్నలతో పరీక్షిస్తారు. దారి తెగకుండా సాగుతోందా? చుట్టు తిప్పకుండా చేరుస్తోందా? ప్రమాదం లేకుండా ఉందా? ఒళ్లు హూనం కాకుండా ఉందా? మనసుకు హాయిగా ఉందా?

మొదటి ప్రశ్న దగ్గరే మన దారులు ఓడిపోతున్నాయి. సాఫీ రోడ్డు మీద అవసరం తక్కువైన చోట గీత ఉంటుంది, అవసరం ఎక్కువైన కూడలి దగ్గర మాయమవుతుంది. ఎడమకు తిరిగే లారీ డ్రైవరుకు తన ఎడమ పక్కనున్న సైకిల్ కనపడదు. అందుకే కూడలి మలుపును కాస్త ఇరుకు చేసి లారీ వేగం తగ్గించాలి, సైకిళ్లు ఆగే గీతను వాహనాలకన్నా ముందుకు జరపాలి, దాటే చోట రోడ్డునే కొంచెం ఎత్తు చేయాలి. ఇవి లేకుండా ఉత్త రంగు పూస్తే, ఆ రంగును నమ్మి తల్లి పిల్లను పంపిస్తుంది. ఆమె నమ్మకానికి మనం జవాబుదారీ కావాలి.

మరి మనం ఏం చేయగలం? హైవేను మనం మార్చలేం. కానీ సైకిళ్లు అందుకునే పిల్లల్లో ఎక్కువమంది కాలవ అవతలి ఊళ్లవాళ్లు. కాలవ గట్టు మన బడి వెనక ప్రహరీ పక్కనుంచే పోతుంది. దాని పొడవునా ఇళ్లున్నాయి, అరుగుల మీద మనుషులుంటారు. సాయంత్రం ఆడపిల్ల ఒంటరిగా వస్తున్నా చూసే కళ్లుంటాయి. నిన్న నేను నడిచి చూశాను. మూడు చోట్ల తెగింది: లాకుల దగ్గర గుంట, రైతుబజారు వెనక చెత్తకుప్ప, చివర మన బడి వెనక గేటు. ఆ గేటుకు ఎన్నేళ్లుగానో తాళం వేసి ఉంది. దాని వల్లే గట్టున వచ్చే పిల్లలు చివరి అరకిలోమీటరు హైవే మీద, అదీ ఎదురుదిశలో తొక్కుతున్నారు.

హెడ్ మిస్ట్రెస్ గారికి నా విన్నపం ఒకటే. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట ఆ గేటు తీయించండి. అక్కడ నిలబడే మనిషి జీతం మా బ్యాచ్ భరిస్తుంది. గుంట మీద పలకకు డ్రాయింగు, అంచనా నేను వేసిస్తాను. గట్టు నీటిపారుదల శాఖది కనుక అనుమతి కావాలి. ఆ శాఖలో పనిచేసి రిటైరైన అన్నలు ఈ సభలోనే ఉన్నారు, ఆ పని వాళ్లు చూడాలి. చెత్త సంగతి మునిసిపాలిటీలో ఉన్న తమ్ముళ్లకు వదిలేస్తున్నాను. తొమ్మిదో తరగతి పిల్లలు ఒక వారం గేటు దగ్గర సైకిళ్లు లెక్కపెడితే, అర్జీకి కావలసిన అంకెలూ వస్తాయి, వాళ్లకు లెక్కల పాఠమూ అవుతుంది.

సైకిళ్ల పంపిణీ వచ్చే నెలలో అంటున్నారు. అంతకుముందే ఈ మూడు పనులూ కావాలని కోరుతున్నాను. నేను సోమవారం దాకా ఊళ్లోనే ఉంటాను. సోమవారం పొద్దున ఏడింటికి టేపు పట్టుకుని లాకుల దగ్గర ఉంటాను. సైకిల్ ఉన్నవాళ్లు సైకిల్ మీద రండి, లేనివాళ్లు నడిచి రండి.

సెలవు.