కుంజుం కనుమ దారిలో సైకిలు

హిమాచల ప్రదేశ్‌లో లాహౌల్ నుండి స్పితికి పోయే కంకరబాటను గూర్చి చెప్పగానే మిత్రులు ముందుగా ఎత్తెంత అని అడుగుతారు. కుంజుం కనుమ 4,500 మీటర్లకు పైబడినదే. అక్కడ శ్వాసకు దొరికే ప్రాణవాయువు సముద్రతీరమున దొరికే దానిలో నూటికి 60 పాళ్లకు లోపే. కంకరలో పట్టుకై టైర్లలో గాలి కొంత తగ్గించుకొనవలెను. ఇవి సర్దుకొనదగిన ఇబ్బందులు. నన్ను భయపెట్టినది నీరు.

ఛత్రు దాటిన పిమ్మట పలుచోట్ల వాగులు బాటపైనే పారుతుంటవి. రాత్రి చలికి మంచు కరగుట మందగిస్తుంది. ఎండ ముదిరినకొలది వాగు పొంగుతుంది. మేమొకనాడు మధ్యాహ్నం రెండు గంటలకు చేరినాము. మిత్రుడు దిగబోయినాడు. నీటి అడుగున రాళ్లు దొర్లుతున్న చప్పుడు విని, చేయి పట్టి ఆపినాను. పిరికితనమన్నాడు! రాత్రి గట్టుననే గడిపి, తెల్లవారగానే సైకిళ్లు భుజాన వేసుకొని దాటినాము. నీరు మోకాలినైనా అందలేదు.