బూడిదతో వేసిన ముగ్గు

 

పట్టాలు అందుకునే ఇలాంటి సభల్లో పిల్లల్ని కలలు కనమని చెప్పడం ఆనవాయితీ. నేను పీడకలల గురించి మాట్లాడతాను. కొవిడ్‌లో ఇంటి మనిషిని పోగొట్టుకున్నవాళ్లు, ఎవరికీ చెప్పుకోలేని దెబ్బ తిన్నవాళ్లు ఈ వరుసల్లో లేరని నేననుకోను.

మాది దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చేనాటికి నాకు ఎనిమిదేళ్లు. సర్కారు లెక్కలోనే 10,000 మంది దాకా పోయారు. వాళ్లలో మా ఇంటివాళ్లెందరో ఇవాళ చెప్పను. చెప్పి తీరాలని ఎక్కడా లేదు.

తర్వాత మమ్మల్ని ఉంచిన పాకలో నాయనమ్మ రోజూ చీకటితోనే లేచేది. కళ్ళాపికి పేడ లేదు. గొడ్లే మిగల్లేదు మరి. ఉత్త నీళ్లు చల్లి, పొయ్యిలో బూడిద తీసి నాలుగు చుక్కల ముగ్గు పెట్టేది. "ఎవరొస్తారని పిన్నీ ఈ ముగ్గు?" అంది పక్క పాకావిడ. "తెల్లారిందని నాకు తెలియొద్దటే?" అంది నాయనమ్మ.

ఆ మాట నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. గాయపడ్డ మనసుకు ఆ రాత్రి తెల్లారదు. అంతా అయిపోయిందని బుద్ధికి తెలుసు, ఒంటికి తెలియదు. అందుకే తలుపు కొట్టుకున్నా గుండె అదురుతుంది. ఒంటికి ఆ కబురు చేరవేసేవి చిన్న పనులే: చన్నీళ్లతో మొహం కడుక్కోవడం, గచ్చు మీద అరికాళ్లు ఆనించి నిలబడటం, పీల్చినదాని కంటే నిదానంగా ఊపిరి వదలడం, వేళకు ఇంత అన్నం తినడం. ఈ బెంగళూరులో సువాసన కొవ్వొత్తులు కూడా ఇందుకోసమేనని అమ్ముతున్నారు. కొనుక్కుంటే తప్పులేదు గానీ, నాయనమ్మ బూడిదకు డబ్బు పెట్టలేదు.

బెంగళూరుకూ ఇలాంటి గాయముంది. 1981 ఫిబ్రవరి 7న వీనస్ సర్కస్ డేరా అంటుకుని 92 మంది చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. హోసూరు రోడ్డులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు ఆ కుటుంబాల దుఃఖాన్ని దగ్గరగా చూసి అధ్యయనం చేశారు. 1993 లాతూరు భూకంపం, 1999 ఒడిశా తుఫాను, 2001 గుజరాత్ భూకంపం తర్వాత కూడా ఆ సంస్థ మనుషులు వెళ్లారు. డాక్టర్లు అన్ని ఊళ్లకూ చాలరు గనక ఆ చుట్టుపక్కల వాళ్లకే మనసుకు ఆసరా ఇవ్వడం నేర్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వేసిన మానసిక ప్రథమ చికిత్స పుస్తకంలోనూ ఇదే దారి: ముందు మంచినీళ్లు, నీడ, అయినవాళ్ల ఆచూకీ. చెబితే వినండి. చెప్పమని గుచ్చి గుచ్చి అడగొద్దు. "ఏడ్చెయ్, అంతా కక్కెయ్, తేలికవుతుంది" అనే పెద్దమనుషులతోనే నాకు తగువు.

అయితే ముగ్గుతో అన్నీ కుదుటపడవు. వారాల తరబడి నిద్ర లేకపోయినా, బతకాలనిపించకపోయినా డాక్టరు కావాలి, మందులు కావాలి. 2022 అక్టోబరు 10న మొదలైన సర్కారు ఫోను సాయం టెలీ మానస్‌కు 14416 నొక్కితే తెలుగులోనే మాట్లాడతారు. అమ్మభాషలో వచ్చిన పీడకలను ఇంగ్లీషులో చెప్పుకోవడం ఎంత కష్టమో ఈ ఊరొచ్చాక తెలిసింది నాకు.

ఇన్నేళ్లయినా నవంబరు దగ్గరపడుతుంటే నాకు భుజాలు బిగుసుకుంటాయి. పంతొమ్మిదిన సెలవు పెడతాను. వార్తలు చూడను. పప్పుచారు కాచుకుని, గుమ్మం ముందు నాలుగు చుక్కలు పెడతాను. మా అపార్టుమెంటు వరండా ఊడ్చే ఆవిడది చిక్కబళ్లాపురం వైపు. ఆ ఒక్కరోజు మా గుమ్మం దాకా ఊడ్చి, చీపురు పక్కకు తిప్పి, అవతల మళ్లీ మొదలుపెడుతుంది. ఎందుకని నన్నెప్పుడూ అడగలేదు.