పట్టుచీర - ముద్ర - నమ్మకం



బరంపురానికి పట్టునగరమని పేరు. గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్న నాడును, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రంలో చేరిన తరువాతను, ఇచ్చటి మగ్గాల వద్ద తెలుగు మాట వినబడుతూనే ఉన్నది. అంచున ఆలయ శిఖరాలను తలపించే ఫొడా కుంభ నమూనా ఇచ్చటి చీరకు, పురుషులు ధరించే జోడుకు ప్రత్యేకత. పూర్వం పెండ్లివారు నేతగాని ఇంటికే వెళ్లి చీర చేయించుకొనేవారు. ఆతని మాటయే హామీ. దారంలో మోసం చేసినవాడు ఆ వీధిలో తలెత్తుకొని తిరుగలేడు.

నేడు కొనేవారికి నేసినవారి ముఖం తెలియదు. మరమగ్గంపై కృత్రిమ దారంతో నేసిన వస్త్రం కూడ పట్టు పేరుతో అంగడిలో మెరుస్తుంది. అధిక ధర చెల్లించి నకిలీని తెచ్చుకొన్న తల్లికి కొంత సొమ్ము నష్టం. నకిలీ ధరతో పోటీపడలేక మగ్గం ఆపుకొన్న నేతగానికి బ్రతుకే నష్టం. ఒకసారి అనుమానం పుట్టిన పిమ్మట మంచి సరుకుకు కూడ ఎవరూ మంచి ధర ఇవ్వరు.

అందుచేతనే ప్రభుత్వ నియంత్రణ ఆవశ్యకమైనది. కొన్ని వస్త్రాలను చేతిమగ్గానికే కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చింది. దానిని సుప్రీంకోర్టు 1993లో సమర్థించింది. కేంద్ర పట్టు మండలి చొరవతో 2004లో సిల్క్ మార్క్ వెలువడినది. 2006లో హ్యాండ్‌లూమ్ మార్క్ వెలువడినది. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం క్రింద బరంపురం పట్టు నమోదైనది.

ఈ మూడు గుర్తులు మూడు వేర్వేరు ప్రశ్నలకు సమాధానాలు. దారం అసలైన పట్టేనా అన్నదానికి సిల్క్ మార్క్, చేతిమగ్గంపై నేసినదేనా అన్నదానికి హ్యాండ్‌లూమ్ మార్క్, బరంపురానిదేనా అన్నదానికి భౌగోళిక గుర్తింపు బదులు చెప్పును. మరమగ్గంపై నేసిన శుద్ధ పట్టుకు కూడ సిల్క్ మార్క్ ఉండవచ్చు. ఈ భేదం తెలియనివారిని నిజమైన ముద్రతోనే మోసగించవచ్చు.

గంజాం మొగలిపూల రూహ్ కూడ ఇట్లే నమోదైనది. పూలను రాగిపాత్రలలో మరిగించి ఆవిరి పట్టి తీసే ఈ పరిమళానికి చౌకైన కృత్రిమ రసాయనం పోటీ. మొగలి పరిమళం మిఠాయిలలోను చేరుతుంది కనుక, ఇచ్చట కల్తీ ఆరోగ్యానికి సంబంధించిన విషయం కూడ. 1954 నాటి కల్తీ నిరోధక చట్టం స్థానంలో 2006లో ఆహార భద్రతా చట్టం చేయబడినది ఇట్టి కల్తీలను అరికట్టుటకే.

అయితే చట్టం గ్రంథంలో ఉన్నంత మాత్రాన చాలదు. తనిఖీ జరుగవలెను. కొనేవారు రసీదు అడుగవలెను. కొంగు చివర ఒక్క పోగు తీసి కాల్చి చూడవచ్చు. పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి, పొడిగా నలుగుతుంది. కృత్రిమ దారం కరిగి గట్టి పూసవలె మిగులుతుంది. మోసం తేలినచో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు.

ఈ పాఠశాల డెబ్బదియైదేండ్లుగా ధ్రువపత్రాలపై ముద్ర వేయుచున్నది. విద్యార్థిని ఎన్నడూ చూడనివారు సైతం ఆ ముద్రను చూచి కొలువిచ్చినారు. ప్రతి ముద్రకు వెనుక నిజాయితీగా జరిగిన పరీక్ష ఒకటి ఉన్నదని వారి విశ్వాసం. పరీక్ష లేకుండ వేసిన ఒక్క ముద్ర, పరీక్షలో నెగ్గినవారందరి పత్రాలను చులకన చేస్తుంది. పట్టుచీర మీది గుర్తుకును ఇదే ధర్మం వర్తించును.