పాత తూటా, కొత్త తూటా
(అమలాపురంలో మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి మాట్లాడవలసిన వేదిక మీద తూటాల గురించి చెబుతానంటే కార్యదర్శిగారు కాస్త కంగారుపడ్డారు. కోనసీమలో పుట్టినవాడికి అడవంటే కొబ్బరితోటే కదా, వీడికి వేట గొడవ ఎందుకని మీరూ అనుకోవచ్చు. నేను అటవీశాఖలో రిటైరైనవాణ్ణి. చేరిన కొత్తలో రంపచోడవరం, మారేడుమిల్లి వైపు పోస్టింగు. అప్పటికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రాలేదు. లైసెన్సు తీసుకుని, ఫీజు కట్టి వేటకు వచ్చేవారు ఉండేవారు. వారి వెంట వెళ్లి, ఏం కొట్టారో రిజిస్టరులో రాయడం మా పని.

ఇప్పుడీ ప్రస్తావన ఎందుకంటే, కిందటి నెల మా మనవడు అమెరికా నుంచి ఫోన్ చేశాడు. కొలరాడోలో ఉంటాడు. అక్కడ లైసెన్సు మీద ఎల్క్ అనే పెద్ద దుప్పిని వేటాడనిస్తారు. ఆఫీసు స్నేహితులతో వెళ్తాడట. "తాతయ్యా, 30-06 కొనమంటావా, 6.5 క్రీడ్‌మూర్ కొనమంటావా?" అని అడిగాడు. పక్కనుంచి మా ఆవిడ "ఏదీ కొనొద్దని చెప్పండి" అంది.

తెలియనివారికోసం ఒక్క మాట. తూటా అంటే ఇత్తడి గొట్టం, దాని వెనక పేలే క్యాపు, లోపల మందు, ముందు గుండు. 30-06 అమెరికా సైన్యం కోసం 1906లో వచ్చింది, ఆ 06 అంటే ఆ సంవత్సరమే. 6.5 క్రీడ్‌మూర్ 2007లో గురిపోటీల కోసం పుట్టింది. రెండూ దాదాపు ఒకే వేగంతో బయలుదేరతాయి, సెకనుకు 2,700 అడుగులు. పాతదాని గుండు మామూలుగా 180 గ్రెయిన్లు, కొత్తదానిది 140 దాకా. కొత్త గుండు సన్నగా, పొడుగ్గా ఉంటుంది గనుక గాలిని చీల్చుకుని పోతుంది, దూరం వెళ్లినా వేగం త్వరగా తగ్గదు. భుజానికి దెబ్బ కూడా తక్కువ. కొత్తగా నేర్చుకునేవాడికి అది చిన్న సుఖం కాదు. భుజం నొప్పికి జడిసి కళ్లు మూసుకుని ట్రిగ్గర్ నొక్కిన ఆఫీసర్లను నేను చూశాను.

మన దేశంలో తూటా మారడానికి వేట ఒక్కటే కారణం కాదు. .450 బోరు తూటాలు తిరుగుబాటుదారుల పాత సైనిక తుపాకులకు పనికొస్తాయని భయపడి 1907లో బ్రిటిషువారు వాటిని ఇక్కడ నిషేధించారు. దాంతో కంపెనీలు .465, .470 తయారుచేశాయి. వాటి గొట్టాలు అంత పెద్దవిగా ఉండడానికి మన ఎండలూ ఒక కారణమే. వేడికి మందు ఎక్కువ ఒత్తిడి పుట్టిస్తే పేలిన గొట్టం తుపాకిలోనే బిగుసుకుపోతుంది. ఎదురుగా పులి ఉండగా అది బయటికి రాకపోతే ఇక చెప్పేదేముంది! ఒకప్పుడు సైన్యం వాడిన .303 కూడా జనానికి నిషిద్ధమే. అందుకే మన ప్రభుత్వ ఫ్యాక్టరీవారు .315 రైఫిలు చేసి అమ్మారు. అది ఒకనాటి ఆస్ట్రియా సైన్యపు తూటా. మా చేతుల్లో ఉండేది అదే. మొరటుది, దూరం పనికిరాదు.

1969లో ఒక పెద్దమనిషి వేటకు వచ్చాడు. పేరెందుకు! ఆయన దగ్గర అప్పటికి కొత్తగా వచ్చిన మాగ్నం రైఫిలు. మా .315ని చూసి నవ్వాడు. మాకు దారి చూపేది ఒక కొండరెడ్డి పెద్దాయన. వెదురు పొదల్లో నలభై గజాల దూరంలో పెద్ద కణుజు నిలబడింది. కాల్చాడు. "తగిలింది" అన్నాడు. తగిలింది నిజమే, కాని కణుజు పడలేదు. నెత్తురు జాడ పట్టుకుని వెళితే వాగు దగ్గర పోయింది. ఆ దొరగారు మర్నాడు పనుందని జీపెక్కి వెళ్లిపోయారు.

పెద్దాయనా నేనూ వెతికాం. మూడోనాడు వాగు మడుగులో దొరికింది. ఇంకా ప్రాణం ఉంది. భుజం మీద అరచేయంత గాయం, నిండా పురుగులు. నా .315తో ముగించాను. తరవాత కోసి చూస్తే గుండు ఎముకకు తగిలి పిండిపిండి అయిపోయింది. పైనే పేలింది, లోపలికి పోలేదు. మూడువందల గజాల కోసం చేసిన పలచని గుండు, నలభై గజాల్లో ఆ వేగానికి తట్టుకోలేకపోయింది. రిజిస్టరులో "కణుజు, మగది, 1" అని రాశాను. మూడు రోజులు రాయడానికి అందులో కాలమ్ లేదు.

ఇదే అనుభవం అమెరికాకు చెందిన జాన్ నాస్లర్ అనే ఆయనకు 1946లోనే అయింది. ఆయన కొట్టిన మూస్ పడలేదు. ఆయన ఊరుకోకుండా మధ్యలో అడ్డుగోడ ఉన్న గుండు చేసి 1948లో అమ్మకానికి పెట్టాడు. ముందు సగం విచ్చుకున్నా వెనక సగం లోపలికి పోతుంది. ఇప్పుడు మొత్తం రాగితో చేసిన గుండ్లూ ఉన్నాయి. కనుక నా లెక్కలో అసలు కొత్తదనం తూటా పేరులో లేదు, గుండులో ఉంది. జిమ్ కార్బెట్ 1926లో రుద్రప్రయాగ చిరుతను కొట్టిన .275 రిగ్బీ తూటా 1892 నాటి జర్మన్ మౌజర్ తూటాయే.

మావాడికి ఇదే చెప్పాను. కొలరాడో నిబంధన ప్రకారం ఎల్క్‌కు గుండు కనీసం 85 గ్రెయిన్లుండాలి, వంద గజాల దగ్గర వెయ్యి అడుగు-పౌండ్ల శక్తి ఉండాలి. రెండూ సులువుగా పాసవుతాయి. తూటాలు ఏ కొట్టులోనైనా దొరకాలన్నా, బరువైన గుండు కావాలన్నా 30-06 మేలు. భుజం తట్టుకోవాలంటే కొత్తది తీసుకో. ఏది కొన్నా గట్టి గుండు వెయ్యి, రెండువందల గజాలు దాటి కాల్చకు అన్నాను. కొత్త తూటాతో వచ్చే చిక్కు అక్కడే. అంత దూరం పోతుందని దాన్ని అమ్ముతారు, కొన్నవాడికి అంత దూరం కొట్టాలనిపిస్తుంది.

వాడు నవ్వి "ఆ కొండల్లో రెండొందల గజాలంటే పక్కింట్లో ఉన్నట్టు తాతయ్యా" అన్నాడు. అప్పుడు కణుజు సంగతి చెప్పాను. అన్నేళ్లలో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడ కూడా ఆరోజే విన్నది.

కాసేపు ఫోన్లో మాట లేదు. తరవాత "ఆ పెద్దాయన ఏమన్నాడు?" అని అడిగాడు. ఏమీ అనలేదు. వాగులో చేతులు కడుక్కుని ముందు నడిచాడు. ఆ తరవాత ఏ వేటగాడి వెంటా రాలేదు.

అక్టోబరులో వెళ్తాడట. ఏది కొన్నాడో ఇంకా చెప్పలేదు. ఇక సెలవు.