మస్టర్‌లో లేని పేరు



ఈ ఉపన్యాసం ఎవరి స్మారకంగా జరుగుతున్నదో ఆమె పేరు కరపత్రం మీద ఉంది. మన గని కాలనీలో మాత్రం ఆమెను పేరుతో పిలిచినవాళ్లు లేరు. టీచరమ్మ అనే అన్నాం. నేనూ ఈ సాయంత్రం అట్లాగే అంటాను.

నన్ను బడిలో చేర్చిన రోజు బాపు సంతకం పెట్టి షిఫ్ట్‌కు పోయాడు. టీచరమ్మ రిజిస్టర్ తెరిచి తండ్రి పేరు, తండ్రి పని అడిగారు. “కోల్ ఫిల్లర్” అని గట్టిగా చెప్పాను. ఆ రిజిస్టర్లో తల్లికి గడి లేదు. ఆమె స్కేలు పెట్టి, పక్కన పెన్సిల్‌తో ఒక గడి గీశారు.

“మీ అవ్వ ఏం పని చేస్తది పిల్లా?”

“ఏం చెయ్యది టీచర్. ఇంట్లనే ఉంటది.”

“అట్లనా? పొద్దుగాల లేచిన కాడినుంచి చెప్పు.”

చెప్పుకుంటూ పోయాను. చీకటితోనే లేస్తది, నల్లా కాడ బిందెలు పెడతది, బాపుకు డబ్బా కడతది, బొగ్గు మసి బట్టలు సోడాలో నానబెడతది, నాయనమ్మకు నీళ్లు కాగబెడతది, మధ్యాహ్నం మిషన్ మీద జాకెట్లు కుడతది. టీచరమ్మ ఒక్కొక్కటే రాశారు. గడి నిండిపోయి, రాత పక్క పిల్లగాడి వరుసలోకి పోయింది. అప్పటికి నేనింకా బాపు దిగే బొగ్గు బాయిని చూడలేదు, కానీ దాని గురించి గొప్పగా చెప్పగలను. అవ్వ పని రోజూ కళ్ల ముందే జరుగుతున్నా, “ఏం చెయ్యది” అన్నాను. ఆ మాట నాకు ఎవరు నేర్పారు? నేటి నా మాటలన్నీ ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడమే.

కొంచెం వెనక్కి పోదాం. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఇదంతా మన పిల్లలకు కంఠస్థం. వాళ్లకు చెప్పనిది ఇంకొకటుంది. మన దేశంలో తొలినాటి బొగ్గు గనుల్లోకి కుటుంబం మొత్తం దిగేది. మగవాడు బొగ్గు నరికితే ఆడమనిషి తట్టకెత్తి మోసేది. 1920ల నాటికి బొగ్గు గనుల పనివాళ్లలో దాదాపు మూడోవంతు ఆడవాళ్లే.

వాళ్లను బాయి నుంచి తప్పించే నియమాలు 1929లో వచ్చాయి. ఏటా కొంతమందిని తగ్గిస్తూ పదేళ్లలో పూర్తిచేయాలనుకున్నారు. ఈలోగా 1935లో అంతర్జాతీయ కార్మిక సంస్థ భూగర్భంలో ఆడవాళ్ల పనిని నిషేధిస్తూ ఒప్పందం చేసింది. దాంతో గడువు ముందుకు జరిగి 1937కే నిషేధం పూర్తయింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బొగ్గు చాలక 1943లో దాన్ని ఎత్తేశారు. యుద్ధం ముగిశాక 1946లో మళ్లీ పెట్టారు. అంటే ఆడదాని ఒంటికి ప్రమాదం 1937లో ఉంది, 1943లో లేదు, 1946లో తిరిగొచ్చింది!

బాయి పని సుఖమైనదని నేననను. పైకప్పు కూలేది, గాలాడేది కాదు, నిండు గర్భిణులు తట్టలు మోసేవాళ్లు. ఆ కష్టాన్ని చూసి చలించినవాళ్లు నిజంగానే ఉన్నారు. కానీ ఆ దయ ఏ దారి పట్టిందో చూడండి. బాయిని బాగుచేయడానికి ముందు ఆమెను బయటికి పంపింది. పంపినవాళ్లు పైన ఆమెకు ఇంకో కూలి చూపించలేదు. తట్ట ఆగింది, కూలి ఆగింది, పేరు హాజరు రాసే మస్టర్‌లోంచి పోయింది. చాకిరీ మాత్రం ఇంట్లోకి మారింది.

స్వతంత్ర భారతంలో 1952 గనుల చట్టం 46వ సెక్షన్ ఆ నిషేధాన్నే కొనసాగించింది. మన గోదావరిఖనిలో తవ్వకం మొదలైంది 1960 ప్రాంతంలో. అంటే ఈ ఊరు పుట్టేనాటికే తలుపు మూసి ఉంది. ఊరి పేరులోనే ఖని ఉంది, ఆ ఖనిలోకి ఈ ఊరి ఆడబిడ్డకు దారి లేకపోయింది. “ఆడమనిషి దిగితే బాయికి అరిష్టం” అనే మాట మీలో చాలామంది వినే ఉంటారు. అది అన్నవాళ్లే బాయి మొగదల మైసమ్మకు మొక్కి, కొబ్బరికాయ కొట్టి దిగేవాళ్లు. కాపాడేది అమ్మవారట, అరిష్టం ఆడమనిషట.

ఇక ఇంటి సంగతి. షిఫ్టులు మీకు నేను చెప్పాలా? పొద్దున ఏడు, మధ్యాహ్నం మూడు, రాత్రి పదకొండు. ఆయనకు వారానికొక షిఫ్ట్ మారితే, ఇల్లంతా ఆ షిఫ్ట్ చుట్టే తిరుగుతది. మొదటి షిఫ్ట్ వారం ఆమె నాలుగున్నరకు లేస్తది. రెండో షిఫ్ట్ వారం అర్ధరాత్రి దాకా అన్నం గిన్నె మీద మూతపెట్టి కూర్చుంటది. నైట్ షిఫ్ట్ వారం పగలంతా “బాపు పండిండు, సప్పుడు చెయ్యకుండ్రి” అంటూ పిల్లల నోళ్లు మూస్తది. నా చిన్నప్పుడు అవ్వ ఆ వారం కుట్టు మిషన్ ముట్టేది కాదు. తొక్కితే చప్పుడవుతుందని. ఆయన నిద్ర ఆమె కూలిని తిన్నదని ఎవరికీ తట్టలేదు. ఆమెకూ తట్టలేదు.

భూగర్భంలో ఏడాదికి 190 మస్టర్లు (హాజరీలు), పైన 240 మస్టర్లు నిండాలని మనకు నిద్రలో లేపినా తెలుసు. నాగాలెన్ని, సిక్ లీవులు ఎన్ని, వారపు సెలవు ఎప్పుడు, అన్నీ లెక్కే. ఇంట్లో ఉన్నామెకు ఏడాదికి 365 మస్టర్లు. ఆమె నాగా పెట్టాలంటే జ్వరం రావాలి. వచ్చినా అన్నం ఎవరు వండాలన్న ప్రశ్న ముందు పుడుతుంది, మందు ఎవరు తేవాలన్నది తర్వాత.

“బాయిలోకి దిగనప్పుడు ఆమెకేం ప్రమాదం?” అని అడిగేవాళ్లకు 2003 జూన్ 16 గుర్తుచేస్తాను. గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో నీళ్లు ముంచెత్తి 17 మంది పోయిన రోజు. బాయి మొగదల నిలబడి ఎదురుచూసిన వాళ్లెవరో ఈ సభలో చాలామందికి తెలుసు. దిగనివ్వని చోటు నుంచి కూడా ఆమె బతుకు మీదికి ప్రమాదం వస్తుంది.

కార్మికుడు పోతే ఉద్యోగం ఎవరికి? బొగ్గు గనుల వేతన ఒప్పందాల్లో చూడండి. డిపెండెంట్ల వరుసలో భార్య, కొడుకు, పెళ్లికాని కూతురు ఉన్నారు. వాళ్లెవరూ లేకపోతే, ఆ ఇంట్లోనే ఉండే అల్లుడూ ఉన్నాడు. పెళ్లయిన కూతురికి చోటు పెట్టలేదు. తండ్రి ఉద్యోగం మీద కన్నకూతురికి లేని హక్కు ఆమె మెడలో పుస్తె కట్టినవాడికి వచ్చింది! కొడుకు చిన్నవాడైతే 12 ఏళ్లు దాటిన మగపిల్లవాడి పేరు ‘లైవ్ రోస్టర్’లో పెట్టి 18 నిండేదాకా ఉద్యోగాన్ని దాచి ఉంచారు. ఆడపిల్లకు ఆ ఎదురుచూపూ లేకపోయింది. అందుకే మన బొగ్గు బెల్టులో నౌకరీ కట్నమైంది. కొడుకుల్లేని తండ్రి పనికి అన్‌ఫిట్ అయి అల్లుణ్ని పెట్టించడం మంచితనంగా చెలామణి అయింది. 2016లో ఛత్తీస్‌గఢ్ హైకోర్టు, ఒక బొగ్గు గని కార్మికుడి పెళ్లయిన కూతురి కేసులో, ఆమెను ఇట్లా వదిలేయడం సమానత్వ హక్కుకు విరుద్ధమని తేల్చింది. ఆ కూతురు కోర్టు మెట్లెక్కింది కాబట్టి ఆ మాట వచ్చింది.

ఆడవాళ్లు గడప దాటి అడిగినప్పుడే లెక్కలు మారాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా అంగడి మూయించినవాళ్లు చదువు నేర్చుకుంటున్న పల్లెటూరి ఆడవాళ్లు. తాగివచ్చి కొట్టడం “ఇంటి విషయం” అన్నంతకాలం ఏ ప్రభుత్వమూ వినలేదు. దాన్ని వాళ్లు బజారు విషయం చేశాక 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. నిషేధం పోయినా, అడగడం నేర్చినవాళ్లు మిగిలారు. అంతకుముందే 1986లో స్త్రీ శక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల దగ్గర కూర్చుని, “మీరేం చేశారో చెప్పండి” అని అడిగి రాసిన పుస్తకం. ఫెమినిజం పడమటి గాలి అనేవాళ్లకు నా జవాబు అదే. మన టీచరమ్మ పెన్సిల్‌తో చేసిన పనీ అదే.

2019 జనవరిలో కేంద్రం తలుపు కొంచెం తెరిచింది. సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనుల్లో ఆడవాళ్లు పగటిపూట భూగర్భంలోకి దిగవచ్చంది. ముగ్గురికి తక్కువ కాకుండా దిగాలని, ముందుగా రాతపూర్వకంగా సమ్మతి ఇవ్వాలని షరతు పెట్టింది. ఆ తర్వాత మన భూపాలపల్లి సింగరేణి కార్మికుని కూతురు రాసకట్ల సంధ్య భూగర్భ గనుల్లో పనిచేసేందుకు సెకండ్ క్లాస్ మేనేజర్ సర్టిఫికెట్ సాధించింది. ఇంజనీరుకు దారి దొరికింది, సంతోషం. పనివాళ్లలో మూడోవంతై బొగ్గు మోసిన కూలి తల్లి వారసురాలికి మాత్రం ఆ తలుపు అప్పుడు తెరుచుకోలేదు.

ఆ సమ్మతి పత్రం దగ్గరే నేను ఆగిపోతాను. బాయిలోకి దిగే ఆడమనిషిని చట్టం అడుగుతుంది: నీకిది ఇష్టమేనా? రాసిస్తావా? మంచిదే, అడగాలి. మా అవ్వను నాలుగున్నరకు లేవడం ఇష్టమేనా అని ఎవరు అడిగారు? నైట్ షిఫ్ట్ వారం మిషన్ ఆపడం ఇష్టమేనా అని ఎవరు రాయించుకున్నారు? ఆమె సమ్మతి అడగని ఆ పనికి నేనే బడిలో నిలబడి “ఏం చెయ్యది” అని పేరుపెట్టాను.

టీచరమ్మ ఆ రోజు రిజిస్టర్ మూయకుండా నన్ను ఇంకొక మాట అడిగారు: “ఇంతకూ మీ అవ్వ పేరేంది?” నేను చెప్పలేకపోయాను. ఇంటికి పరుగెత్తి, అడిగి, మళ్లీ వచ్చి చెప్పాను. గడిలో ఖాళీ లేదని, ఆమె పైన అంచులో రాశారు.