ఎవరిని చూసి నవ్వుతున్నాం?



అమెరికా అధ్యక్ష ఎన్నికలొస్తే అక్కడి రాత్రి టీవీ షోల జోకులు మన బళ్లారి ఫోన్లలోకీ వస్తాయి. స్టీఫెన్ కోల్బర్ట్, జిమ్మీ కిమ్మెల్ వంటివారు అధికారంలో ఉన్నవాళ్లను ముఖం మీదే ఎగతాళి చేస్తూ వచ్చారు. అందులో తప్పులేదు. కర్మెలు కొండ మీద ఏలీయా చేసిందీ అదే. మీ దేవుడు నిద్రపోయాడేమో, ఇంకా గట్టిగా అరవండి అన్నాడు. ఎదురుగా ఉన్నది 450 మంది, వెనక రాజు అండ. ఈయన ఒక్కడు.

కానీ ఇంకో రకం నవ్వు ఉంది. 2024 అక్టోబరు 27న న్యూయార్క్‌లో ట్రంప్ సభలో టోనీ హించ్‌క్లిఫ్ అనే హాస్యగాడు ప్యూర్టో రికోను సముద్రంలో తేలే చెత్తదిబ్బ అన్నాడు. ఆ ద్వీపవాసులు అమెరికా పౌరులే. అక్కడే ఉంటే మాత్రం అధ్యక్ష ఎన్నికలో వారికి ఓటు లేదు. ఓటు లేనివాళ్ల మీద ఓట్ల సభలో జోకు!

మనం తక్కువ తిన్నామా? 2022 జూన్‌లో ద్రౌపదీ ముర్ము రాష్ట్రపతి అభ్యర్థి కాగానే, ద్రౌపది రాష్ట్రపతి అయితే పాండవులెవరు, కౌరవులెవరు అని రాంగోపాల్ వర్మ ట్వీట్ చేశారు. హైదరాబాద్‌లో పోలీసులకు ఫిర్యాదు వెళ్లింది. ఎవరినీ నొప్పించే ఉద్దేశం లేదని ఆయన అన్నారు. జోకుకు పోలీస్ కేసు మందు కాదని నా అభిప్రాయం. ఈ రోజు ఆయన మీద పెట్టిన కేసు రేపు మన పిల్లల మీదా పెడతారు.

అయితే ఆ పేరు సంగతి వినండి. ఆమె సంతాలీ. ఇంట్లో పెట్టిన పేరు పుటి. ద్రౌపది అన్నది బడిలో టీచరు పెట్టిన పేరని ఆమే చెప్పారు. అంటే, ఎవరో మార్చిన పేరు పట్టుకుని మనం నవ్వాం. బడి రిజిస్టరులో పేరు మారిన అనుభవం మన దళిత క్రైస్తవ ఇళ్లకు కొత్త కాదు కదా.

ఆమె మీద వ్యంగ్యానికి చోటు లేదని కాదు. జార్ఖండ్ గవర్నరుగా 2017లో ఆదివాసీ భూముల చట్టాల సవరణ బిల్లులను ఆమె తిప్పి పంపారు. ఆ కలం ఢిల్లీకి వచ్చిందా, రాంచీలోనే ఉండిపోయిందా అని అడగండి. అది చురక. ఆ చురక ఆమె పదవికి తగులుతుంది, ఆమె పుట్టుకకు కాదు.

రోమా సైనికులు కూడా యేసుకు ముళ్ల కిరీటం పెట్టి, మోకరించి, రాజా అని నవ్వారు. గుంపంతా కలిసి, చేతులు కట్టేసిన ఒక్కడి మీద.

ఇప్పుడు ఫోన్లు తీయండి. ఈ నెల మీరు ఫార్వర్డ్ చేసిన రాజకీయ జోకుల్లో, కన్నడదైనా తెలుగుదైనా, ఒక్కటి పక్కవారికి చూపించండి. దాని మీదే మాట్లాడుకుందాం.